వేరే పళ్ళెంలో పెన్ డ్రైవ్‌లు

కంప్యూటర్ రిపేరు పనిలోకి వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఏ యాంటీవైరస్ మంచిదన్నా అని. నేను పని మానేసి ఇంట్లో కూర్చున్నాక కూడా ఆ ప్రశ్న మారలేదు. ఒక పేరు చెప్పి పంపేయవచ్చు. కానీ అనంతపురంలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఇళ్ళకు తిరిగి పాత కంప్యూటర్లు బాగుచేస్తూ బతికినవాణ్ణి నేను. ఒక పేరు చెబితే తీరిపోయే సంగతులు ఆ పనిలో చాలా తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

నేను విశ్వాసిని. ఆదివారం బడిలో అక్షరాలకంటే ముందు వాక్యం నోటికి నేర్చుకున్నాను. కేబినెట్ స్క్రూ విప్పే ముందు కళ్ళు మూసుకుని లోపల ఒక మాట చెప్పుకునే అలవాటు చివరిదాకా పోలేదు. దాన్ని చూసి, మిషన్ అంత చెడిపోయిందా అని భయపడినవాళ్ళు కూడా ఉన్నారు. ఇది ప్రసంగం కాదు. అయినా నా పని గురించి నా నమ్మకాన్ని పక్కన పెట్టి రాయడం నాకు చేతకాదు.

దుమ్ము

వైరస్ పట్టిందని పిలిస్తే వెళ్ళి చూసినవాటిలో సగానికి పైగా వైరస్ ఉండదు. దుమ్ము ఉంటుంది. వాన రాని ఆషాఢంలో మన దగ్గర గాలి ఎట్లా కొడుతుందో మీకు చెప్పనక్కర్లేదు. ఆ ఎర్రమట్టి, కల్లాల్లో వేరుశనగ పొట్టు, అన్నీ కలిసి లోపలి ఫ్యాన్ రెక్కల మీద నల్లటి పొరలాగా పేరుకుంటాయి. వేడెక్కి మిషన్ దానంతట అదే ఆగిపోతుంది. ఇంట్లోవాళ్ళు వైరస్ అంటారు. పైగా పూలు కుట్టిన గుడ్డ కప్పి ఉంచుతారు, కొందరు అది తీయకుండానే స్విచ్ వేస్తారు. ఆయుధపూజకు పెట్టిన కుంకుమ కీబోర్డు సందుల్లో ఏడాదంతా ఉంటుంది. దాన్ని తుడిచేటప్పుడు మర్యాదగా తుడవండి. అది వాళ్ళ భక్తి.

ఇక కరెంటు. అది రాగానే ఊళ్ళో బోరు మోటార్లన్నీ ఒక్కసారి తిరుగుతాయి. ఆ ఎగుడుదిగుళ్ళకు బోర్డు మీద చిన్న డబ్బీల్లాంటి కెపాసిటర్ల తలలు ఉబ్బుతాయి. ముందు మూత విప్పండి, కళ్ళతో చూడండి, ఇంటి బయటికి తెచ్చి ఊదండి. ఆ తర్వాతే వైరస్ మాట.

హుసేన్ సాబ్

నాకు పని నేర్పినవాడు హుసేన్ సాబ్. అనంతపురం పాతూరులో ఆయనకు చిన్న అంగడి ఉండేది. కోపిష్టి. ఇళ్ళకు పనికి పంపేటప్పుడు నాకు చెప్పిన మొదటి మాట ఇది.

"మిషన్ ఒంటిగా ఉంటే దానికి ఏ రోగమూ రాదప్పా సామేలూ. ఆ ఇంటికి ఎవురెవురు వచ్చి పోతాండారో ముందు కనుక్కో. టీ ఇస్తే తాగు. తాగేటప్పుడు కండ్లు తెరుచుకోనుండు."

నేను ఆయన దగ్గర చేరినప్పుడు రోగం ఫ్లాపీల్లో వచ్చేది. తర్వాత సీడీల్లో, ఆ తర్వాత పెన్ డ్రైవ్‌లలో. వాహనం మారింది కానీ దారి మారలేదు. తెలిసిన మనిషి చేతినుంచే వచ్చేది. తెలియనివాడు ఇచ్చినదాన్ని ఎవరూ అంత నమ్మకంగా లోపల పెట్టరు.

సాబ్‌కూ తప్పులున్నాయి. ఎక్కడినుంచో తెచ్చిన దొంగ యాంటీవైరస్ సీడీ ఒకటి అన్ని ఇళ్ళలోనూ ఎక్కించేవాడు. ఒకరోజు అంగడిలో పరీక్షిస్తే వైరస్ ఆ సీడీలోనే దొరికింది. మేము బాగుచేశామనుకున్న ఇళ్ళన్నిటికీ మేమే పంచిపెట్టాం. సాబ్ దాన్ని నా ఎదురుగా రెండు ముక్కలుగా విరిచి, "ఇది నీ దేవుడు చూపించినాడా, నా దేవుడు చూపించినాడా?" అన్నాడు.

"ఎవురు చూపిస్తేనేమి సాబ్, ఇంటింటికీ మళ్ళా పోవాల."

"పోదాం. తిడితే నువ్వు ముందు నిలబడు. నీకు క్షమించేది నేర్పిచ్చినారు కదా."

ఇద్దరం తిరిగాం. ఒక్క ఇంట్లోనూ పైసా అడగలేదు. ఈ వృత్తిలో పరువు అట్లా నిలుస్తుంది, ఇంకో రకంగా నిలవదు.

కొత్తచెరువు రెడ్డిగారి కాపలావాళ్ళు

కొత్తచెరువు దగ్గర ఒక రెడ్డిగారు, ఊరి మాజీ సర్పంచి, తన ఇంటి కంప్యూటర్‌లో మూడు యాంటీవైరస్‌లు వేయించుకున్నారు. మిషన్ స్విచ్ వేస్తే భోజనం చేసి వచ్చినా తెరుచుకోదు.

"ఒగటి చాలు సార్" అన్నాను.

"యాలప్పా? ఎలక్షన్ల కాలంలో నా వాకిట్లో ముగ్గురు ఉంటారు. ఒగడు నిద్రపోతే ఇంకొగడు చూస్తాడు."

"ఈ ముగ్గురూ ఒగర్నొగరు దొంగ అనుకుంటాండారు సార్. మీ ఇంటి తిండంతా ఆ కొట్లాటకే సరిపోతాంది."

ఆయన పెద్దగా నవ్వి, రెండింటిని తీసేయమన్నారు. పాత మిషన్ అంటే పాత మనిషి లాంటిది, మోయగలిగినంతే పెట్టాలి. ఒక్క కాపలా చాలు. కానీ ఆ ఒక్కదానికీ కొత్త దొంగల గుర్తులు ఎప్పటికప్పుడు చెబుతూ ఉండాలి. నెట్ లేని ఇంట్లో అది ఎవరూ చేయరు. నేను పట్నం నుంచి ఆ గుర్తుల ఫైలును సీడీలో రాసి, ఊరూరా తిరిగి ఎక్కించేవాణ్ణి. ఒక తిరుగుడుకూ ఇంకో తిరుగుడుకూ మధ్య ఇల్లు తెరిచే ఉండేది. ఇక చెప్పబోయేదంతా ఆ మధ్యకాలంలో జరిగిందే.

సుగుణమ్మ టీచర్ ఇల్లు

వజ్రకరూరు వైపు నేను పుట్టిన పల్లెలో సుగుణమ్మ టీచర్ ఉండేది. ప్రాథమిక పాఠశాలలో పనిచేసి దిగిపోయింది. పెళ్ళి చేసుకోలేదు. మా సంఘం మందిరం ఆమె ఇంటి పక్కనే. ఎవరో పట్నంలో వాడి వదిలేసిన కంప్యూటర్‌ను కొనుక్కుని, రిటైరయ్యాక టైపు నేర్చుకుంది. అదంతా ఓబయ్య తాత కోసం.

ఓబయ్య తాత వయసులో ఉన్నప్పుడు బావులు తవ్వే కూలి. చదువు రాదు. ఆయన కట్టిన పాటలు మా సంఘంలో కరువు ప్రార్థనలకు పాడేవాళ్ళం. ఆ పాటలకు ఒక పద్ధతి ఉంది. బావి తవ్వేటప్పుడు గుంతలో దిగినవాళ్ళు కలిసి ఒక మాట పిలుస్తారు, గట్టు మీద మట్టిగంప లాగేవాడు ఒక్కడే జవాబు చెబుతాడు. తాత పాటలన్నీ అట్లాగే నడిచేవి. గుంతలోవాళ్ళ మాట సంఘమంతా పాడాలి, జవాబు తాత ఒక్కడే పాడాలి. గుంతలో ఉన్నది మనం, గట్టు మీద ఉన్నది దేవుడు. ఆ సంగతి ఎవరూ విడమరిచి చెప్పలేదు, చెప్పనవసరం లేదు.

తాత ముసలివాడయ్యాడు. ఆయన పోతే జవాబులు పోతాయని టీచర్‌కు భయం పట్టుకుంది. పొద్దునపూట ఆయనను కూర్చోబెట్టి టేప్ రికార్డర్‌లో పాడించేది, విని టైపు చేసేది, తెర మీద చూసి చదివి వినిపించి దిద్దేది. దిద్దడం అయ్యాక అదే క్యాసెట్ మీద ఇంకో పాట. ప్రింటర్ ఎప్పుడో చెడిపోయింది. పుస్తకం వేసేటప్పుడే కాగితం మీదికి వస్తుందిలే అనుకుంది. ఆమె కష్టమంతా ఆ పెట్టెలోనే ఉంది.

మిషన్ లోపల తేదీని గుర్తుపెట్టుకునే చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది. ఆమె మిషన్‌లో అది పోయింది. కొత్తది వేద్దామంటే అది పెట్టే చోటు తుప్పు పట్టి విరిగింది. ఎప్పుడు స్విచ్ వేసినా ఏదో పాత సంవత్సరం చూపేది. టీచర్ ఏమీ విసుక్కోలేదు. బడిలో నల్లబల్ల మీద మొదట తేదీ రాసినట్టు, రోజూ మొదట తేదీ సరిచేసి, ఆ తర్వాతే పాటల్లోకి పోయేది.

"కాపీ యాడ పెట్టినారు టీచరమ్మా?" అని అడిగాను ఒకసారి.

"డి లో పెట్టినానప్పా. సి లో పోయినా డి లో ఉంటాది కదా."

"రెండూ ఒగటే డిస్కు. ఒగే ఇంటికి రెండు గదులు. ఇల్లు కాలితే రెండూ కాలతాయి."

అప్పటిదాకా టైపు చేసినవాటిని నా మిషన్‌లో సీడీ రాసి ఇచ్చాను. ఆమె దాన్ని వాక్యపుస్తకం పక్కన పెట్టింది. ఆ సీడీ తర్వాత ఆమె ఇంకా చాలా పాటలు టైపు చేసింది.

పళ్ళెం

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘంలోని వాళ్ళు పెన్ డ్రైవ్‌లు పట్టుకుని టీచర్ వాకిట్లోకి వచ్చేవాళ్ళు. ప్రసంగాలు, కీర్తనలు ఎక్కించుకోవడానికి. గుంతకల్లు నెట్ సెంటర్ల నుంచి తెచ్చినవి, బళ్ళారిలో పనికి పోయి తెచ్చినవి, అన్నీ ఆ ఒక్క మిషన్‌లోనే గుచ్చేవాళ్ళు.

ఒక ఆదివారం నేను అక్కడే ఉన్నాను. హుసేన్ సాబ్ చెప్పినట్టు టీ తాగుతూ చూశాను. వంటింట్లోంచి ఒక స్టీలు పళ్ళెం తెచ్చాను. నెట్ సెంటర్లలో తిరిగిన డ్రైవ్‌లన్నీ ఏరి అందులో వేసి, వీటిని నేను వేరే మిషన్‌లో చూసి ఇస్తాను, అప్పటిదాకా ఇక్కడ పెట్టవద్దు అన్నాను. కూలికి పోయే కుర్రవాళ్ళవి పళ్ళెంలోకి వచ్చాయి. పెద్దలవి, అయ్యగారివి బయటే ఉన్నాయి. అయ్యగారు అంటే మా పాస్టరు. వాళ్ళవి అనుమానించాలని నాకు తట్టనే లేదు.

టీచర్ లేచి నిలబడింది.

"ఆ పళ్ళెం తీయప్పా."

"టీచరమ్మా, వాటిలో వైరస్ ఉంటే..."

"తీయమంటాండా. ఈ ఊళ్ళో హోటల్లో మనోళ్ళ గ్లాసులు వేరే పెట్టిండ్రి. బయట గూట్లో. మా నాయన తాగి, కడిగి, మళ్ళా ఆ గూట్లోనే బోర్లించి వచ్చేవాడు. నేను చూసినా. నా ఇంట్లో ఒగరి వస్తువు వేరే పళ్ళెంలో పెట్టనియ్యను."

"ఇది అది కాదమ్మా. ఇది నిజంగానే అంటుకునే రోగం."

"వాళ్ళూ అదే మాట చెప్పిరి. అంటుకుంటాదని."

డ్రైవ్‌లు పళ్ళెంలో పడ్డ కుర్రవాళ్ళు నేల చూస్తున్నారు. మా నాయన కూడా ఆ గూట్లో గ్లాసు బోర్లించినవాడే. పళ్ళెం తీసేశాను. ఉన్న యాంటీవైరస్‌కు కొత్త గుర్తులు ఎక్కించి, డ్రైవ్‌లు గుచ్చగానే తమంతట తాము తెరుచుకోకుండా ఆ సదుపాయాన్ని ఆపి, ఆఖరి బస్సుకు ఉరవకొండ మీదుగా ఇల్లు చేరాను. తెరుచుకోకుండా ఆపానే గానీ, రెండుసార్లు నొక్కి తెరిచే చేతిని ఎవరు ఆపగలరు?

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ఇక్కడ ఒక మాట. మనం రోజూ వాడే మాటలు చూడండి. అంటు, శుద్ధి, వేరుగా ఉంచడం. ఈ మాటలు మనకు పనిముట్లు. వినేవాళ్ళలో కొందరికి అవి దెబ్బలు.

తేదీ

వైరస్‌లలో ఒక జాతి ఉంది. వచ్చినరోజు ఏమీ చేయదు. మూలన కూర్చుని, తనకు చెప్పిన తేదీ వచ్చేదాకా ఎదురుచూస్తుంది. ఆ తేదీన రాతఫైళ్ళన్నీ తెరిచి, లోపల ఉన్నదాన్ని తుడిచి, ఒక పిచ్చి వాక్యం రాసి మూస్తుంది. పేర్లు అట్లాగే ఉంటాయి, లోపల ఏమీ ఉండదు.

ఆ ఉదయం టీచర్ ఎప్పటిలాగే మొదట తేదీ సరిచేసింది. టీ పెట్టుకుని వచ్చేసరికి డిస్కు ఆగకుండా గరగరమంటోంది. ముసలి మిషన్ కదా, దాని మానాన అది ఏదో సర్దుకుంటోంది అనుకుంది. బ్యాటరీ చచ్చిన ఆ మిషన్‌కు తేదీ తెలియకుండా ఉంటే ఆ పాటలు ఇంకా ఉండేవి. ఆమె క్రమశిక్షణే ఆ తలుపు తెరిచింది. దీనికి అర్థం ఏమిటని నేను దేవుణ్ణి చాలాసార్లు అడిగాను.

ఫోన్ వచ్చింది. "సామేలూ, పాటలు తెరుస్తాంటే పాటలు రాలేదప్పా" అంది, అంతే.

డిస్కు విప్పి అంగడికి తెచ్చుకున్నాను. వానలు పడ్డాక వజ్రకరూరు చేలల్లో నడుములు వంచి, వజ్రపు రాళ్ళ కోసం జనం ఎట్లా వెతుకుతారో అట్లా వెతికాను. చెరిపేసిన ఫైలును వెనక్కి తేవచ్చు, ఎందుకంటే చెరిపినప్పుడు పేరు మాత్రమే పోతుంది. దాని మీదే ఇంకోటి రాస్తే తేలేము. హుసేన్ సాబ్ అప్పటికి అంగడికి రావడం తగ్గించాడు. ఆయనను పిలిపించాను. చాలాసేపు చూసి, అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"లేదప్పా. చెప్పేసి రా. ఫోన్లో చెప్పొద్దు, పోయి చెప్పు."

సి లోవీ పోయాయి, డి లోవీ పోయాయి. క్యాసెట్‌లో చివరి పాట ఒక్కటి ఉంది. సీడీలో మొదటి పాటలు ఉన్నాయి. నడిమధ్యవన్నీ పోయాయి.

ఓబయ్య తాతను మళ్ళీ పాడించుకోవచ్చు కదా అని మీరు అడుగుతారు. అప్పటికి తాతకు పక్షవాతం వచ్చి ఒక చేయి, నోరు పడిపోయాయి. మనుషులను గుర్తుపట్టేవాడు. పాట వింటే కళ్ళు కదిలేవి. మాట మాత్రం లేదు.

ఎవరి చేతినుంచి

తరువాతి ఆదివారం నా మిషన్‌ను టీచర్ వాకిట్లో పెట్టి, అందరి డ్రైవ్‌లూ పరీక్షించాను. ఈసారి ఎవరివీ ఏరలేదు. కూలికి పోయే కుర్రవాళ్ళ డ్రైవ్‌లలో చిల్లర వైరస్‌లు కనిపించాయి, పాటలను తిన్నది కనిపించలేదు. అది అయ్యగారి డ్రైవ్‌లో దొరికింది. ప్రసంగాల ఫోల్డర్ లాగా కనిపించేది నిజానికి ఫోల్డర్ కాదు, ఆ ముసుగులో ఉన్న వైరస్. కరపత్రాలు వేయించడానికి పట్నంలో ఒక ప్రెస్సుకు ఆ డ్రైవ్ ఇచ్చి తెచ్చుకున్నాడట.

అయ్యగారు మంచివాడు. ముఖం నల్లబడిపోయింది.

"నా చేతులారా తెచ్చి పెడితినా సామేలూ?"

"మీకు తెల్దు కదా అయ్యగారూ."

"తెలీకుండా తెచ్చినా తెచ్చిందే కదప్పా."

ఆ రోజు నాకు అర్థమైంది ఇది. నేను పెట్టిన పళ్ళెం ఉండి ఉన్నా పాటలు నిలిచేవి కావు. అనుమానం ఎవరి మీద పెట్టాలో నాకు ముందే తెలుసనుకున్నాను. రోగం నేను గౌరవించినవాడి జేబులోంచి వచ్చింది. టీచర్ వద్దన్నదీ సరే, నేను పరీక్షించాలన్నదీ సరే. ఇద్దరికీ తట్టనిది ఒక్కటే, అందరివీ పరీక్షించడం.

వాకిట్లో అందరూ చూస్తుండగా సుగుణమ్మ టీచర్ లోపలికి పోయి అదే స్టీలు పళ్ళెం తెచ్చింది. ఆ వారమే కొనుక్కున్న తన పెన్ డ్రైవ్ అందులో వేసింది. అయ్యగారి ముందు పట్టింది. ఆయన తనది వేశాడు. తర్వాత అందరి ముందూ కానుకల పళ్ళెం తిప్పినట్టు తిప్పింది. ఆనాటి నుంచి ఆ ఇంట్లో అదే పద్ధతి. అందరివీ ఒకే పళ్ళెం, పరీక్షకు మొదటిది అయ్యగారిది.

ఆ తర్వాత ఏ ఇంటికి పోయినా నేను అదే చెప్పాను. ఇంటి యజమానిది ముందు గుచ్చండి. వాక్యంలో మెలకువ, ప్రార్థన పక్కపక్కనే ఉంటాయి. రెండోదాన్ని పట్టుకుని మొదటిదాన్ని వదిలేసిన ఇళ్ళు నేను చాలా చూశాను. కాపీ అంటే ఇంకో ఇంట్లో ఉండేది. అదీ, అప్పుడప్పుడు తెరిచి చూసుకున్నదే కాపీ. ఇంతకంటే పెద్ద రహస్యాలు ఈ వృత్తిలో నాకు తెలియవు.

మిగిలింది

టీచర్ మళ్ళీ టైపు చేయడానికి కూర్చుంది. సంఘంలో ఒక్కొక్కరినీ పిలిచి అడిగింది. గుంతలోవాళ్ళ మాటలు అందరికీ వచ్చు. ఏళ్ళ తరబడి పాడినవి.

*నీళ్ళు తగలని బావిలో నిలిచి నిన్ను పిలిచితిమి*
*రాయి పలికెను తండ్రీ, నువ్వెప్పుడు పలికేవు*

దీనికి తాత చెప్పే జవాబు రెండు పాదాలు. అవి ఎవరికీ రాలేదు. తాత ఒక్కడే పాడేవాడు కాబట్టి మనకెందుకని ఎవరూ నోటికి పట్టలేదు. ఒకరు ఒకటి చెప్పారు, ఇంకొకరు వేరేది చెప్పారు. టీచర్ వాటిని తాత మంచం దగ్గరికి తీసుకుపోయి చదివి వినిపించింది. విని ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇంకోటి చదివింది. మళ్ళీ అడ్డంగానే. నేను అక్కడ ఉన్నాను. ఆయన కళ్ళ నీళ్ళు కారుతున్నాయి కానీ కాదనడం మానలేదు. తన పాట కానిదాన్ని ఆయన ఒప్పుకోలేదు.

అందుకని పుస్తకం అచ్చువేసినప్పుడు టీచర్ ఆ చోట్లన్నీ ఖాళీగా వదిలింది. కల్పించి నింపుదామని అయ్యగారు మెల్లగా అంటే, "దేవుని నోట్లో నా మాట పెట్టనియ్యను అయ్యగారూ" అంది.

తాత బతికి ఉన్నన్నాళ్ళూ ఆయన మంచాన్ని మందిరం గుమ్మం దాకా మోసుకొచ్చేవాళ్ళం. ప్రశ్న పాడి మేము ఆగేవాళ్ళం. ఆ ఖాళీలో ఆయన బాగున్న చేత్తో మంచం పట్టె మీద గంప లాగే తాళంలో దెబ్బ వేసేవాడు. మాట లేని జవాబు. ఆయన పోయాక ఆ దెబ్బ కూడా లేదు. ఇప్పుడు ప్రశ్న పాడతాం, ఆగుతాం, ఏమీ వినపడదు, తర్వాతి ప్రశ్నకు పోతాం.

ఆ మధ్య వాన లేని ఒక ఆదివారం, సంఘంలోకి కొత్త కోడలుగా వచ్చిన ఒకామె నా పక్క వరసలో కూర్చుంది. పాట మధ్యలో పుస్తకం నా వైపు తిప్పి, ఖాళీ చోట వేలు పెట్టి చూపింది.

"అన్నా, నా బుక్కులో ఈడ అచ్చు పడ్లేదు. మీదాంట్లో ఉండాదా?"

"ఎవరిదాంట్లోనూ లేదమ్మా" అన్నాను. "ఆడ జవాబు ఉండె."